ఆర్‌వీ ఎక్కేముందు సీటు బెల్టులు లెక్కపెట్టండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

టెక్సస్ రాష్ట్రంలో చాలా బడులకు మార్చి నెల మధ్యలో వారం రోజులు వసంత సెలవులు ఇస్తారు. స్ప్రింగ్ బ్రేక్ అనే ఆ వారంలో డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వంటి ఊళ్ళలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు ఆర్‌వీ (రిక్రియేషనల్ వెహికల్) అనే ఇల్లులాంటి బండిని అద్దెకు తీసుకొని, పిల్లలనూ, ఆంధ్రప్రదేశ్ నుంచో తెలంగాణ నుంచో వచ్చి ఉన్న అమ్మానాన్నలనూ, అత్తమామలనూ ఎక్కించుకొని దూరప్రయాణాలకు బయలుదేరడం నేను ఏటా చూస్తున్నాను. ఇది సంతోషించవలసిన విషయమే. నెలల తరబడి ఇంట్లోనే కూర్చున్న పెద్దవాళ్ళకు ఊరు దాటి వెళ్ళే అవకాశం దొరుకుతుంది. హోటలు తిండి పడనివారికి తమ వంట తాము చేసుకునే వీలుంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు కావాలనుకున్నప్పుడు బండి ఆపించుకొని కాసేపు నడుం వాల్చవచ్చు, బాత్రూము కోసం వెతుక్కోవలసిన అవస్థ ఉండదు. అయితే ఈ ప్రయాణానికి మనవాళ్ళు చేసుకునే సన్నాహాల్లో వంట సామాను మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా బండి మీద పెట్టకపోవడం నన్ను కలవరపెడుతోంది. మీ పత్రికను మేమిక్కడ ఇ-పేపరులో చదువుతాము, మా తల్లిదండ్రులు అక్కడ పొద్దున్నే కాఫీతోపాటు చదువుతారు. ఈ ప్రయాణానికి డబ్బు పెట్టేవారికీ, ఆ బండిలో వెనక కూర్చోబోయేవారికీ ఒకేసారి చేరే చోటు ఇది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ఆర్‌వీని చూడని పాఠకుల కోసం రెండు మాటలు చెబుతాను. వంటగది, పడకలు, స్నానాలగది, ఫ్రిజ్ అన్నీ ఒకే బండిలో అమర్చి ఉంటాయి. సొంత ఇంజనుతో నడిచేవాటిని మోటార్‌హోములని, పికప్ ట్రక్కు వెనక తగిలించుకొని లాక్కుపోయేవాటిని ట్రావెల్ ట్రెయిలర్లని అంటారు. మోటార్‌హోముల్లో బస్సంత ఉండేది క్లాస్ ఏ, వ్యానులోనే ఇమిడిపోయేది క్లాస్ బీ. మనవాళ్ళు ఎక్కువగా తీసుకొనేది, డ్రైవరు తల మీదుగా ముందుకు పొడుచుకువచ్చిన పడక ఉండే క్లాస్ సీ. టెక్సస్‌లో 26,001 పౌన్ల లోపు బరువుకు తయారైన బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చు కాబట్టి దీనికి వేరే పరీక్ష ఏదీ ఉండదు. నిన్నటిదాకా కారు తప్ప మరొకటి నడపని మనిషి ఈరోజు పాతిక, ముప్పై అడుగుల పొడవున్న బండి ఎక్కి నేరుగా హైవే మీదికి వచ్చేస్తాడు. అందువల్ల చట్టం అడగని పరీక్షను ఎవరికి వారే పెట్టుకోవలసి ఉంటుంది.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది కూర్చునే చోటు గురించి. అద్దె ప్రకటనల్లో ఏడుగురు పడుకోవచ్చనో, ఎనిమిదిమంది పడుకోవచ్చనో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ లెక్క బండి ఆగి ఉన్నప్పటిది. నడుస్తున్నప్పుడు ఎంతమంది కూర్చోవచ్చో చెప్పేది సీటు బెల్టుల సంఖ్య. అది చాలా బండ్లలో పడకల సంఖ్యకన్నా తక్కువ, ప్రకటనలో ఎక్కడో అడుగున ఉంటుంది, ఒక్కోసారి అడిగితే తప్ప చెప్పరు. రెండు కుటుంబాలు కలిసి ఖర్చు పంచుకొని ఒకే బండి తీసుకోవడం మనవాళ్ళలో మామూలు. భార్యాభర్తలు నలుగురు, పిల్లలు ముగ్గురు, ఒక మామ్మగారు, ఒక తాతగారు. బండిలో బెల్టులు మాత్రం ఆరు. మిగిలిన ముగ్గురు ఎక్కడ కూర్చుంటారని అడిగితే, వెనక పెద్ద మంచం ఉంది కదా, అమ్మ హాయిగా పడుకొని వస్తుంది అని జవాబు వస్తుంది.

మాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలో ఆ పెద్దావిడ అలాగే వెనక మంచం మీద పడుకొని ప్రయాణం చేశారు. అబిలీన్ అనే ఊరు దాటాక ముందు వెళ్తున్న లారీ ఒక్కసారిగా వేగం తగ్గించడంతో కొడుకు గట్టిగా బ్రేకు వేశాడు. బండికి గీత కూడా పడలేదు, ముందు కూర్చున్నవారికి ఏమీ కాలేదు. ఆవిడ మాత్రం మంచం మీది నుంచి జారి వంటగట్టు మూలకు తగిలి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అదే కుదుపుకు పై అర తలుపు తెరుచుకొని ఆవకాయ సీసా ఆమె పక్కనే పడి పగిలింది. నూనెకు జారుతున్న నేల మీద, గాజు పెంకుల మధ్య నుంచి ఆమెను లేపి కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. మనవడి పుట్టినరోజుకని వచ్చిన ఆ అమ్మగారు మిగిలిన రోజులన్నీ చేతికి కట్టుతో గడిపి తిరిగి వెళ్ళారు. కొడుకు వేగంగా నడపలేదు, నిర్లక్ష్యంగా నడపలేదు. మెత్తటి పరుపు మీద ఉన్న మనిషి క్షేమంగా ఉంటుందని నమ్మాడు, అంతే. ఆ నమ్మకమే మన ఇళ్ళన్నిటిలోనూ ఉంది.

ఆర్‌వీ వెనక భాగంలో కూర్చునేవారి బెల్టుల గురించి నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉన్నాయి. నియమం ఎలా ఉన్నా, గంటకు 65 మైళ్ళ వేగంతో వెళ్తున్న బండిలో పడక మీద ఉన్న మనిషిని పట్టి ఉంచేది ఏదీ లేదు. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఎనిమిదేళ్ళ లోపు వయసుండి నాలుగడుగుల తొమ్మిది అంగుళాలకన్నా పొట్టిగా ఉన్న పిల్లలను మనం కార్లలో చైల్డ్ సీటులో కూర్చోబెడుతూనే ఉన్నాము. టెక్సస్ చట్టం అదే అడుగుతుంది. అదే సీటును ఆర్‌వీలో బిగించేటప్పుడు ముందుకు తిరిగి ఉన్న సీటుకే బిగించాలి. పక్కకు తిరిగి ఉండే సోఫాకూ, భోజనాల బల్ల దగ్గర వెనక్కి తిరిగి ఉండే సీటుకూ బిగించకూడదు. కాబట్టి బండి ఫోటోలు చూసేటప్పుడు పరుపు మెత్తదనం, టీవీ వెడల్పు పక్కన పెట్టి, ముందుకు తిరిగి బెల్టు ఉన్న సీట్లు ఎన్ని అని యజమానిని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. అవి చాలకపోతే ఆర్‌వీ వెనకే ఒక కారు రావాలి. ఖర్చు పెరుగుతుందని వెనకాడేవారికి ఒక మాట: గమ్యం చేరాక ఇరుకు రోడ్ల మీద తిరగడానికి ఆ కారు ఎలాగూ అవసరమవుతుంది. దాని సంగతి కింద రాస్తాను.

కూర్చునే చోటు తర్వాత బరువు. మోటార్‌హోము కుడివైపు తలుపు లోపలి భాగాన ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌన్లు మించకూడదని దాని మీద అచ్చువేసి ఉంటుంది. నీళ్ళ ట్యాంకు నిండితే ఎంత బరువో కూడా అక్కడే ఉంటుంది. అద్దెకు తీసుకొన్నవారిలో ఆ చీటీ చదివినవారు నాకు అరుదుగా కనిపించారు. ఉదాహరణకు ఆ చీటీ మీద 1,500 పౌన్లు అని ఉందనుకుందాం. పెద్దా చిన్నా కలిపి ఆరుగురు 900 పౌన్లు తూగుతారు. గ్యాలను నీళ్ళు 8.3 పౌన్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 332 పౌన్లు. ఇక మిగిలేది 268 పౌన్లు, అంటే 120 కిలోల చిల్లర. బియ్యం బస్తా, ప్రెషర్ కుక్కర్లు, తాగునీటి సీసాల అట్టపెట్టెలు, పిల్లల సైకిళ్ళు, మడత కుర్చీలు, అందరి సూట్‌కేసులు అందులోనే సరిపోవాలి. సరిపోవు. అందుకని నీళ్ళూ కరెంటూ ఇచ్చే క్యాంపు స్థలానికి వెళ్ళేవారు ట్యాంకు అడుగున దారిలో చేతులు కడుక్కోవడానికి సరిపడా నీళ్ళే ఉంచుకొని బయలుదేరితే అదొక్కటే పెద్ద బరువు తగ్గుతుంది. బరువైన సామాను కింద, రెండు పక్కలా సమంగా సర్దుకోవాలి. పై అరల్లో దుప్పట్లు, తువ్వాళ్ళు, చిప్స్ పొట్లాలు తప్ప మరేమీ పెట్టకూడదు. పచ్చళ్ళకు గాజు సీసాలు మాని మరమూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు వాడుకోవాలి.

బరువు మించితే దెబ్బ తినేవి టైర్లు. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివరి నాలుగంకెలు అది తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి: 1822 అని ఉంటే 2022వ సంవత్సరం 18వ వారం. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండలో నిలబడి ఉండే బండి టైరు, పైన గాడులు చెక్కుచెదరకుండా కనిపించినా, ఐదారేళ్ళు దాటితే లోపల చీకిపోయి ఉండవచ్చు. బండి చేతికి ఇచ్చేటప్పుడు వంగి ఆ అంకెలు చదవడానికి నామోషీ పడనక్కరలేదు.

ఇక ఎత్తు. క్లాస్ సీ బండ్లు పైన ఉన్న ఏసీ పెట్టెతో కలిపి 11 నుంచి 12 అడుగుల దాకా ఉంటాయి. నార్త్ కరోలినాలో, మన తెలుగువారు చాలామంది ఉండే డరమ్ నగరంలో గ్రెగ్సన్ వీధి మీద 11 అడుగుల 8 అంగుళాల రైలు వంతెన ఒకటి ఉండేది. లారీల పైకప్పులు ఎన్నో దానికి తగిలి చీలిపోగా, 2019లో దాన్ని మరో 8 అంగుళాలు పైకి లేపారు. ఆ తర్వాత కూడా బండ్లు తగులుతూనే ఉన్నాయి. కారు కోసం తయారైన ఫోను మ్యాపుకు బండి ఎత్తు తెలియదు. కనుక ఎత్తును అడుగుల్లో, అంగుళాల్లో ఒక కాగితం మీద రాసి స్టీరింగు ఎదురుగా అంటించుకోవాలి. పెట్రోలు బంకుల కప్పులు, బ్యాంకుల డ్రైవ్-త్రూలు, ఇళ్ళ ముందు వీధిలోకి వంగిన చెట్ల కొమ్మలు అన్నీ లెక్కలోకి వస్తాయి. పైకప్పుకు జరిగే నష్టాన్ని చాలా అద్దె ఒప్పందాల్లో బీమా నుంచి మినహాయిస్తారు కూడా.

మార్చి నెలలో పశ్చిమ టెక్సస్‌లో గాలి జోరుగా ఉంటుంది. ఇంత ఎత్తున్న బండిని పక్కగాలి ఒక వరస నుంచి మరో వరసలోకి నెట్టగలదు. గాలి హెచ్చరిక ఉన్న పూట బయలుదేరకుండా ఆగిపోవడానికి వీలుగా ప్రయాణంలో ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి. వారం రోజుల సెలవులో అది పెద్ద కోరికలా కనిపిస్తుంది గాని, దాన్ని నేను వదులుకోమనను. ఈ గాలులకే మంటలూ వ్యాపిస్తాయి. 2024 ఫిబ్రవరి చివర టెక్సస్ ఉత్తర భాగంలో మొదలైన స్మోక్‌హౌస్ క్రీక్ కార్చిచ్చు పది లక్షల ఎకరాలకు పైగా దహించి ఈ రాష్ట్ర చరిత్రలోనే అతి పెద్దదిగా నిలిచింది. ఆ వైపు ఉన్న పాలో డ్యూరో లోయకు వెళ్ళేవారు నెగడు వేసుకోవడంపై ఆ రోజు నిషేధం ఉందేమో ముందుగా కనుక్కోవాలి. లోయలోకి దిగే రోడ్డు 10 శాతం వాలు కనుక, బ్రేకు మీదే ఆధారపడకుండా చిన్న గేరులో దిగడం తెలిసి ఉండాలి.

మా ఊళ్ళ నుంచి ఈ సెలవులకు చాలామంది తలపెట్టేది బిగ్ బెండ్ జాతీయ ఉద్యానవనం. 1944లో ఏర్పడిన ఈ ఉద్యానవనం మెక్సికో సరిహద్దున, రియో గ్రాండే నది వంపులో ఉంది. శాంటా ఎలీనా లోయలో నదికి రెండు వైపులా నిటారుగా లేచిన 1,500 అడుగుల రాతిగోడలను మా అత్తగారు చూసి చాలాసేపు చేతులు జోడించే ఉండిపోయారు. అటువంటి చోటికి పెద్దవాళ్ళను తీసుకువెళ్ళాలనుకోవడం ఎంతో మంచి ఆలోచన. దారి మాత్రం 500 మైళ్ళకు పైమాటే. ఐ-20 హైవే మీద పడమరగా ఒడెస్సా దాకా, అక్కడి నుంచి 385వ నంబరు రోడ్డు మీద ఫోర్ట్ స్టాక్టన్, మారథాన్ మీదుగా దక్షిణానికి. కారులో ఒక్క రోజులో వెళ్ళేవారున్నారు. ఆర్‌వీలో అది తగదు. రోజుకు 300 మైళ్ళు మించకుండా, మధ్యలో బిగ్ స్ప్రింగ్ వంటి ఊళ్ళో ఒక రాత్రి ఆగేలా చూసుకోవాలి. ఒడెస్సా చుట్టుపక్కల చమురు క్షేత్రాల లారీలు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి, అక్కడ చీకట్లో నడపకపోవడమే మేలు.

మార్చి మధ్యవారం బిగ్ బెండ్‌కు ఏడాది మొత్తంలో అతి రద్దీ రోజులు. నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న ఆర్‌వీ స్థలాలు ఉద్యానవనం లోపల ఒక్క రియో గ్రాండే విలేజ్‌లోనే, అదీ 25 మాత్రమే ఉన్నాయి. పాలో డ్యూరో వంటి టెక్సస్ రాష్ట్ర పార్కుల్లో స్థలాన్ని ఐదు నెలల ముందు నుంచే పట్టుకోవచ్చు. అంటే మార్చి ప్రయాణానికి అక్టోబరులో, దసరా దీపావళి హడావిడిలోనే కూర్చోవాలి. బండి ముందు తీసుకొని స్థలం తర్వాత వెతుక్కొనేవారు చివరికి ఏదో పెద్ద దుకాణం పార్కింగ్ స్థలంలో జనరేటరు చప్పుడు మధ్య రాత్రి గడపవలసి వస్తుంది. బిగ్ బెండ్ లోపలి చీసోస్ కొండల మధ్యకు వెళ్ళే రోడ్డు మలుపులూ ఎక్కుడూ ఉన్నది కనుక 24 అడుగులకు మించిన ఆర్‌వీలు, 20 అడుగులకు మించిన ట్రెయిలర్లు అక్కడికి రావద్దని ఉద్యానవన అధికారులు చెబుతారు; ఆ ప్రాంతంలో నిర్మాణ పనులు కూడా తలపెట్టారు కనుక బయలుదేరేముందు రోడ్డు తెరిచి ఉందో లేదో వారి వెబ్‌సైటులో చూసుకోవాలి. వెనక వచ్చిన కారు ఉపయోగపడేది ఇక్కడే.

పెద్దవాళ్ళతో వెళ్ళేవారు దారి కన్నా జాగ్రత్తగా చూసుకోవలసినవి కాగితాలు, మందులు. బిగ్ బెండ్ నుంచి ఉత్తరానికి తిరిగి వచ్చే 385, 118 రోడ్ల మీద సరిహద్దు గస్తీ దళం తనిఖీ కేంద్రాలున్నాయి. బండిలో ఉన్న ప్రతివారినీ మీరు అమెరికా పౌరులా అని అడుగుతారు. పర్యాటక వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే ఐ-94 కాగితాలు, హెచ్-1బీ మీద ఉన్నవారి పత్రాలు ఇంట్లో బీరువాలో ఉంటే ఆ ఎడారి రోడ్డు మీద ఏమీ చేయలేము. అవన్నీ ఒక సంచిలో పెట్టి, ఆ సంచి ఎవరి దగ్గరుందో పెద్దవాళ్ళకు కూడా చెప్పాలి. ఉద్యానవనంలో చాలా చోట్ల ఫోను పనిచేయదు. దగ్గరి ఆసుపత్రి ఆల్పైన్ పట్టణంలో, ఉద్యానవన ముఖ్య కార్యాలయానికి సుమారు 100 మైళ్ళ దూరాన ఉంది. బీపీ, షుగరు మాత్రలు అనుకున్న రోజులకన్నా రెండింతలు తీసుకువెళ్ళాలి, ఇన్సులిన్ వాడేవారుంటే ఫ్రిజ్ పనితీరు ముందురోజే పరీక్షించుకోవాలి. సందర్శకుల ఆరోగ్య బీమాలో పాత జబ్బులకు ఎంత వర్తిస్తుందో ఆ పాలసీ కాగితం తీసి చదవాలి. అరిజోనా దాకా వెళ్ళి గ్రాండ్ కాన్యన్ చూడాలనుకునేవారు మరొకటి తెలుసుకోవాలి: 2026 జనవరి నుంచి గ్రాండ్ కాన్యన్‌తో సహా 11 జాతీయ ఉద్యానవనాల్లో, ఈ దేశంలో నివాసం లేని 16 ఏళ్ళు నిండిన సందర్శకులకు తలకు 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. బిగ్ బెండ్ ఆ జాబితాలో లేదు.

వంట విషయంలో మన ఆడవాళ్ళకు, ఇప్పుడు వంటచేసే మగవాళ్ళకూ, నేను నేర్పవలసిందేమీ లేదు. చెప్పవలసింది కరెంటు, గ్యాసు గురించే. క్యాంపు స్థలంలో ఇచ్చే 30 ఆంపుల కనెక్షన్ మొత్తం 3,600 వాట్లు ఇస్తుంది. ఏసీ తిరుగుతుండగా మైక్రోవేవ్ పెట్టి, అదే సమయాన కరెంటు కుక్కరులో అన్నం పడేస్తే బ్రేకరు పడిపోతుంది. ఏది ఎప్పుడు వాడాలో వరస పెట్టుకోవాలి. ఊరి నుంచి తెచ్చుకున్న 220 వోల్టుల మిక్సీ ఇక్కడ తిరగదు కనుక పొడులూ పచ్చళ్ళూ ఇంట్లోనే చేసుకొని వెళ్ళాలి. పాత ఆర్‌వీలు చాలావాటిలో ఉండే గ్యాసు ఫ్రిజ్ చల్లబడడానికి ఒక రాత్రంతా పడుతుంది, బండి ఏటవాలుగా నిలబడితే సరిగా పనిచేయదు. దోసె పిండి, పెరుగు అందులో పెట్టేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. పోపు పెట్టగానే పొగ అలారం మోగుతుంది. మోగిందని దాని బ్యాటరీ ఊడదీసి సొరుగులో పడేయడం నేను కళ్ళారా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. పైకప్పు ఫ్యాను వేసి, కిటికీ తెరిచి పోపు పెట్టుకోవచ్చు, లేదా బండి బయట చిన్న పొయ్యి మీద వేసుకోవచ్చు. అదే బండిలో జనరేటరు నుంచి, గ్యాసు హీటరు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, రంగు ఉండదు. ఎడారి రాత్రి చలికి తలుపులన్నీ బిగించుకొని పడుకున్న కుటుంబాన్ని లేపేది ఆ అలారాలే. పొగకూ, కార్బన్ మోనాక్సైడుకూ, నేలకు దగ్గరగా ఉండే గ్యాసు లీకుకూ ఉన్న మూడు అలారాల బటన్లు నొక్కి మోగుతున్నాయో లేదో చూడకుండా బండి తీసుకోకూడదు. పొయ్యి వెలిగించి చలి కాచుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు.

నీళ్ళ గురించి మొహమాటం లేకుండా రాయాలి. ఆర్‌వీలో మంచినీళ్ళకొక ట్యాంకు, స్నానం, గిన్నెల నీళ్ళకొకటి, మరుగుదొడ్డికొకటి ఉంటాయి. మనకు నీళ్ళతో కడుక్కొనే అలవాటు. అది మంచి అలవాటే, మానుకోనక్కరలేదు. ఆ మూడో ట్యాంకు మాత్రం ఇతరుల బండ్లలోకన్నా మనకు త్వరగా నిండుతుందని లెక్క వేసుకోవాలి. కాగితం వాడేవారు ఆర్‌వీల కోసం అమ్మే, నీటిలో కరిగే కాగితమే వాడాలి. మురుగు గొట్టం తగిలించి ఉన్నా ఆ ట్యాంకు కవాటం ఎప్పుడూ మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక తెరవాలి. తెరిచి ఉంచితే నీరు పోయి గట్టిది అడుగున పేరుకుపోతుంది. ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డి ట్యాంకు, దాని తర్వాత స్నానాల నీళ్ళ ట్యాంకు వదిలితే గొట్టం కడిగినట్టవుతుంది. చేతులకు వేసి పారేసే గ్లవ్స్ ఒక పెట్టె తప్పనిసరి. ఇక వేడినీళ్ళు చాలా బండ్లలో 6 గ్యాలన్లే కాగుతాయి, అంటే మన ఇళ్ళలో ఒక స్నానం బకెట్టు కన్నా కాస్త ఎక్కువ. పెద్దవాళ్ళు ముందు స్నానం చేసి, పిల్లలు అరగంట ఆగి చేయడం మంచిది.

బీమా దగ్గర మనవాళ్ళు చేసే ఊహ ఒకటుంది. కారు బీమా ఉంది కదా, క్రెడిట్ కార్డు కూడా అద్దె బండికి వర్తిస్తుంది కదా అని. కారు బీమాలు చాలా వరకు అద్దె మోటార్‌హోముకు వర్తించవు, కార్డుల బీమా సాధారణంగా వాటిని పేరుపెట్టి మినహాయిస్తుంది. రెండు సంస్థలకూ ఫోను చేసి అడిగి, అవసరమైతే అద్దెకిచ్చేవారి బీమాయే కొనుక్కోవాలి. నడిపే ప్రతివారి పేరూ ఒప్పందంలో ఉండాలి. బండి తీసుకునే రోజు బయటా లోపలా, పైకప్పు అంచులూ, అద్దాలూ వీడియో తీసుకోవాలి. మైళ్ళ పరిమితి, జనరేటరు గంటల ధర కూడా అక్కడే అడగాలి. పెట్రోలు గ్యాలనుకు ఎనిమిది నుంచి పది మైళ్ళే ఇస్తుంది కనుక రానూపోనూ 1,200 మైళ్ళకు 120 నుంచి 150 గ్యాలన్లకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోవాలి.

వీటన్నిటితోపాటు నేను గట్టిగా అడిగేది ఇంకొకటుంది. వీలైతే ప్రయాణానికి ముందు ఒక రాత్రికి బండి తీసుకొని ఊరి దగ్గరి పార్కులోనే గడపండి. ఖాళీ పార్కింగ్ స్థలంలో అద్దాలు చూసుకుంటూ వెనక్కి తీయడం, మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం ఎంత బయటికి ఊగుతుందో గమనించడం అక్కడే నేర్చుకోవాలి. మామ్మగారు ఆ ఎత్తైన మెట్లు ఎక్కగలరా, రాత్రి లేచినప్పుడు స్విచ్చి చేతికి అందుతుందా, ఆ ఇరుకు బాత్రూములో ఆమె పట్టుకోవడానికి ఏదైనా ఉందా అన్నవి అద్దె ప్రకటన చెప్పదు. డ్రైవరు తల మీది పడకకు పెద్దవాళ్ళను ఎక్కించకూడదు. అది పెద్దపిల్లలకు, అదీ బండి ఆగి ఉన్నప్పుడే. ఇంకో రాత్రి అద్దె దండగ అనిపించవచ్చు, కాని అమ్మకు ఆ మెట్లు కుదరవని బిగ్ బెండ్‌లో తెలియడం కన్నా ఇంటికి పది మైళ్ళలో తెలియడం నయం.

సంపాదకులవారికి నా విన్నపం. అమెరికా విహారయాత్రల గురించి మీరు ప్రచురించే వ్యాసాల్లో లోయలు, నదుల చక్కని ఫోటోల పక్కన బెల్టుల సంఖ్య, బరువు చీటీ, తనిఖీ కేంద్రాల సంగతి కూడా నాలుగు వాక్యాల్లో చేర్చండి. డాలస్ ప్రాంతంలోని తెలుగు సంఘాల పెద్దలు ఈ లేఖ చదివితే, సంక్రాంతి సంబరాలు ముగిశాక ఫిబ్రవరిలో ఒక శనివారం ఏదైనా హాలు ఆవరణలో ఒక ఆర్‌వీని తెప్పించి, తలుపు చీటీ ఎక్కడుంటుందో, కవాటాలు ఎలా తెరవాలో, చైల్డ్ సీటు ఎక్కడ బిగించాలో కుటుంబాలకు చూపించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. ఈ ఫిబ్రవరి, మార్చిల్లో విమానం ఎక్కబోతున్న అమ్మలకూ నాన్నలకూ కూడా ఒక మనవి: మిమ్మల్ని ఆర్‌వీలో తీసుకువెళ్తామని పిల్లలు ఫోనులో చెప్పినప్పుడు, అందులో నా సీటు ఏది, దానికి బెల్టు ఉందా అని అడగండి. పిల్లల సరదా పాడవుతుందేమోనని సంకోచించకండి. జవాబు రాకపోతే మళ్ళీ అడగండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
ఇర్వింగ్, టెక్సస్.